ప్రాసెసరు కొనుటకు ముందు

గడచిన వేసవిలో మా యింట నొక చిన్న వివాదము పుట్టినది. మేము నెలనెల కట్టుచు వచ్చిన చీటి చేతికంది రెండు లక్షల రూపాయలు వచ్చుట దానికి మూలము. వానలు రాకమునుపే వెనుకగది కప్పు బాగుచేయింపవలయునని మేమనుకొంటిమి. మావారు మాత్రము ముందుగదిలోని పాత రిసీవరును తొలగించి, ఆ స్థానమున ప్రాసెసరును, దానికి జోడుగా ఆంప్లిఫయరును తెప్పింపవలయునని తలపోసిరి. ఆయన పాఠశాలలో ఉపాధ్యాయులు; సొమ్ము విలువ యెరుగనివారు కారు. అట్టివారికి ఈ కోరిక యేల కలిగెనో ముందుగా చెప్పవలసియున్నది.

మా అత్తగారికి డెబ్బదినాలుగేండ్లు. రాత్రి భోజనములైన పిదప ఇంటిల్లిపాదియు ముందుగదిలో చేరి సినిమాయో నాటకమో గంటసేపు చూచుట మా యింటి వాడుక. పగలెల్ల ఎవరి పని వారిదైనను ఆ గంట మాత్రము అందరిదిగా నుండెడిది. ఏడాది నుండి ఆమె కొంతసేపు కూర్చుండి, "వాళ్లేమంటున్నారో నాకు తెలియటం లేదర్రా! మీరు చూడండి" అని లేచి వీథి యరుగు మీదికి పోవుచుండిరి. ధ్వని హెచ్చించితిమా, బాజాలును పిడుగులును చెవులు చిల్లులు పడునట్లు మ్రోగునేకాని మాటలు తేటపడవు. తల్లి యొంటరిగా చీకటిలో కూర్చుండుట మావారికి కష్టముగా నుండెను. విజయవాడలో ఒక దుకాణమునకు పోయి విచారింపగా, "మీ రిసీవరు పాతబడినది. ప్రాసెసరు పెట్టినచో ప్రతి మాటయు ముత్యమువలె వినబడును" అని చెప్పిరట. తమ దుకాణపు గదిలో వినిపించి చూపిరట కూడ. వెల రెండున్నర లక్షలకు పైమాట. చీటి సొమ్మంతయు పోగా, కొంత అప్పును చేయవలసివచ్చును.

"అమ్మకు వినబడుటకు గదా!" అని ఆయన యనగా మేము కాదనలేకపోతిమి, ఔననుటకును మనసొప్పలేదు. "ఏమండీ, ఒక నెల గడువిండు. ఆ వస్తువేమో, మన యింటి లోపమేమో తెలిసికొని పిమ్మట కొందము" అంటిమి. వైద్యశాస్త్రమున నిదానము ముందు, చికిత్స వెనుక. రోగ మెచ్చటనున్నదో యెరుగక మందు కొనుట తగదు గదా! ఆ నెలలో మేము తెలిసికొన్న సంగతులు ఇట్టి చిక్కున బడిన యితర గృహములకును పనికివచ్చునని వ్రాయుచున్నాము.

రిసీవరన నేమి? ప్రాసెసరన నేమి?

రిసీవరనునది ఒక పెట్టెలో మూడు పనులు చేయు యంత్రము. రేడియో తరంగములను గ్రహించుట మొదటిది. దాని పేరును ఆ పనిని బట్టియే వచ్చినది. సినిమాలోని ధ్వనిని విడదీసి, ఏ ధ్వని ఏ స్పీకరునకు పోవలయునో, ఎంత పోవలయునో నిర్ణయించుట రెండవది. ఆ నిర్ణయించిన ధ్వనికి బలమిచ్చి స్పీకర్లను మ్రోగించుట మూడవది. ప్రాసెసరు రెండవ పనిని మాత్రమే చేయును. బలమిచ్చు ఆంప్లిఫయరు దానిలో నుండదు, వేరుగా కొనవలసినదే. మన భాషలో చెప్పవలయునన్న, రిసీవరు వంటయు వడ్డనయు తానే చేయు ఇల్లాలు. ప్రాసెసరు వంటమాత్రమే చేయును. వడ్డించుటకు వేరు మనుష్యులు కావలయును. పది మంది తినునింట నొక యిల్లాలు చాలును. ఊరంతటికి సంతర్పణ చేయునపుడు వంటవారు వేరు, వడ్డించువారు వేరు.

ఈ విడదీయు పని యేల వచ్చెనన్న దానికొక చరిత్ర గలదు. మన తెలుగున తొలి మాటాడు చిత్రము భక్తప్రహ్లాద 1932లో వచ్చినది. 1957లో వచ్చిన మాయాబజార్ చిత్రమున గూడ ధ్వనికి ఒకే మార్గము. తెర వెనుకనుండి మాట, పాట, యుద్ధము అన్నియు ఒక్కచోటనుండియే వచ్చెడివి. 1992లో బాట్‌మన్ రిటర్న్స్ అను ఆంగ్లచిత్రముతో డాల్బీ డిజిటల్ అను పద్ధతి సినిమాశాలలకు వచ్చెను. ఇందు ఎదుట మూడు, ప్రక్కలను రెండు, గంభీరధ్వనికొకటి, వెరసి ఆరు మార్గములు. 2012లో బ్రేవ్ అను చిత్రముతో డాల్బీ అట్మాస్ వచ్చి, నెత్తిమీదనుండి గూడ ధ్వని వినబడునట్లు చేసినది. మార్గములు పెరిగినకొలది వానిని విడదీయు బుద్ధియు పెరుగవలసివచ్చెను. ఆ బుద్ధికే ప్రాసెసరని పేరు.

ఇందొక ముఖ్యాంశము గలదు. సినిమాలో పాత్రలాడు మాటలలో చాల భాగము ఎదుటి మూడింటిలో నడుమ నుండు స్పీకరునుండియే వచ్చును. కావున మాటలు వినబడనపుడు ముందుగా పరీక్షింపవలసినది ఆ మధ్య స్పీకరును. మా యింట ఈ సంగతి యెవరికిని తట్టలేదు.

బలము చాలలేదా?

దుకాణమువారు చెప్పిన మొదటి కారణము బలము. "మీ దానికి నూరు వాట్లు, మేమిచ్చు ఆంప్లిఫయరునకు రెండు వందలు" అని. మావారు లెక్కల పంతులు కాకపోయినను, మేమిరువురము కాగితము ముందు పెట్టుకొని కూర్చుంటిమి.

మా స్పీకరు వెనుక 88 డెసిబెళ్లని వ్రాసియున్నది. ఒక్క వాటు బలమిచ్చినచో ఒక మీటరు దూరమున అంత ధ్వని వచ్చునని దాని యర్థము. దూరము రెట్టింపైనపుడెల్ల ఆరు డెసిబెళ్లు తగ్గును. మేము కూర్చుండునది నాలుగు మీటర్ల దూరమున గనుక మాకు వచ్చునది 76. గోడలు ధ్వనిని తిరిగి పంపుటచే గదిలో నిజమున కింతకంటె కొంచెము హెచ్చుగనే యుండును. మనుష్యులు ఎదురెదురుగ కూర్చుండి మాటలాడుకొను ధ్వని సుమారు 60 డెసిబెళ్లు. అనగా మాటలకు ఒక్క వాటు చాలి మిగులును!

ఇక పిడుగులు, యుద్ధములు. సినిమాశాలలలో ఒక్కొక్క మార్గమునకు అత్యున్నత ధ్వని 105 డెసిబెళ్ల వరకు పోవచ్చునని యొక ప్రమాణము గలదు. ఇండ్లలో అంత ధ్వనిని భరింపజాలము. మా వీథివారును భరింపరు. ఇరువది డెసిబెళ్లు తగ్గించి వినిన, పైమెట్టు 85. బలము రెట్టింపైనపుడెల్ల మూడేసి డెసిబెళ్లు పెరుగును. ఒక వాటుకు 76, రెంటికి 79, నాలుగింటికి 82, ఎనిమిదింటికి 85. మాకు కావలసినది ఎనిమిది వాట్లు! ఇంతకంటె లోతైన గంభీరధ్వనిని సబ్ వూఫరు తన సొంత ఆంప్లిఫయరుతో మోయుచున్నది. నూటికి రెండు నూర్లు పెట్టిన కలుగు లాభము మూడు డెసిబెళ్లు మాత్రమే. ధ్వని రెట్టింపైనట్లు మన చెవికి తోచుటకు పది డెసిబెళ్లు, అనగా పదిరెట్ల బలము కావలయును.

విశాలమైన గది గలవారు, సినిమాశాల యంత ధ్వనిని కోరువారు, తక్కువ డెసిబెళ్ల స్పీకర్లు గలవారు ఈ లెక్కను తమ యంకెలతో వేసికొనవలయును. 105 డెసిబెళ్లనే కోరినచో మా గదిలో ఎనిమిదింటి స్థానమున ఎనిమిది వందల వాట్లు కావలసి వచ్చును. అట్టివారికి వేరు ఆంప్లిఫయరు అవసరమే. మాకు మాత్రము కాదని తేలినది.

బొమ్మ సంగతి

రెండవ కారణము బొమ్మ. మా రిసీవరు 2014లో మా మరిదిగారు అమెరికానుండి తెచ్చినది. ఆ దేశపు విద్యుత్తు 120 వోల్టులు, మనది 230. అందుచే నాటినుండి దాని ప్రక్కన నొక బరువైన ట్రాన్స్‌ఫార్మరు కాపురముండుచున్నది. బొమ్మను, ధ్వనిని ఒకే తీగెలో పంపు హెచ్.డి.ఎం.ఐ. పద్ధతి 2002లో మొదలై మాటిమాటికి మారుచు వచ్చినది. 2013లో 2.0, 2017లో 2.1 అను మెట్లు వచ్చినవి. పాత రిసీవరులోనుండి పోయిన, మా క్రొత్త టెలివిజనుకు తగిన బొమ్మ రాదు. ఇది నిజమైన లోపమే.

ఐనను దీనికి ప్రాసెసరే మందు కాదు. బొమ్మనిచ్చు పెట్టెను నేరుగా టెలివిజనుకే తగిలించి, ధ్వనిని మాత్రము టెలివిజనునుండి వెనుకకు రిసీవరునకు పంపు మార్గమొకటి గలదు. దానిని ఏ.ఆర్.సి. యందురు, 2009 నుండి వాడుకలోనున్నది. టెలివిజను మీదను, రిసీవరు మీదను ఆ మూడక్షరములున్న రంధ్రముల నడుమ ఒక తీగె చాలును. ఇంటర్నెట్టు ద్వారా చూచు సినిమాల బహుమార్గధ్వని ఈ దారిని చక్కగా పోవును. బ్లూరే డిస్కులలోని కుదింపులేని ధ్వని కావలసినవారికి మాత్రము దీనికి పెద్దదగు ఈ.ఏ.ఆర్.సి. కావలయును. మా యింట డిస్కులు లేవు.

ఇచ్చట మాకొక సత్యము గోచరించినది. ఆంప్లిఫయరు ఇరువదేండ్లైనను పాతబడదు. దాని పని మారదు. ప్రాసెసరు అట్లుగాదు. బొమ్మ మారినను, ధ్వని పద్ధతి మారినను ముందుగా వెనుకబడునది అదియే. ఎక్కువ వెలపెట్టి కొను వస్తువే త్వరగా విలువ గోల్పోవునని తెలిసికొనియే కొనవలయును.

గది చేయు మాయ

భరతముని నాట్యశాస్త్రమున రెండవ యధ్యాయమంతయు నాటకశాలా నిర్మాణమును గూర్చియే చెప్పెను. శాల మితిమీరి పెద్దదైన నటుల వాక్కు అస్పష్టమగునని, నడిమి పరిమాణమే మేలని, కొండగుహవలె నుండి గాలి చొరబడనిదై యుండవలయునని ఆయన మతము. యంత్రములు లేని కాలముననే గదియు ధ్వనికి సగము కర్తయని మనవారెరుగుదురు. ఇపుడు లక్షలు పోసి యంత్రములు కొనుచు గదిని మరచుచున్నాము.

మా ముందుగది పదునారడుగుల పొడవు, పన్నెండడుగుల వెడల్పు. నేల నున్నని గ్రానైటు, గోడలు వట్టివి, కిటికీలకు పలుచని తెరలు. నడుమ నిలిచి చేతులు చరచిన, ఆ చప్పుడు గొలుసువలె సాగి ఖంగుమనును. ఒక యక్షరము అణగకముందే రెండవ యక్షరము వచ్చి దానిపై బడిన, చెవి వేనిని విడదీయగలదు? దుకాణపు గదిలో నేల నంతట తివాచీయు, గోడలకు మెత్తలును ఉన్నవని మావారపుడు జ్ఞప్తికి తెచ్చుకొనిరి. అచ్చట వారు విన్నది ప్రాసెసరును మాత్రమే కాదు. ఆ గదిని గూడ.

వయసు మీరినవారి చెవి సంగతియు ఇందు చేరును. ముదిమిలో ముందుగా తగ్గునది హెచ్చుస్థాయి ధ్వనులను విను శక్తి. వ్యాకరణము చదివిన సోదరీమణులకు ఊష్మములు, పరుషములు తెలియును గదా! శ, ష, స లనెడి ఊష్మముల యూపిరియు, క, చ, ట, త, ప లనెడి పరుషముల తాకుడును ఆ హెచ్చుస్థాయిలోనే యుండును. అచ్చులు గట్టిగ వినబడుచునే యుండును, హల్లులు జారిపోవును. అందుచేతనే పెద్దలు "వినబడుచున్నది గాని తెలియుట లేదు" అందురు. అట్టివారికి ధ్వనిని పెంచుట మందు కాదు. ప్రతిధ్వనిని తగ్గించి హల్లును కాపాడుట మందు.

పరీక్ష

వాదములతో తీరదని తలచి మావారు తమ వృత్తికి తగిన పరీక్ష నొకదానిని కల్పించిరి. గుంటూరులోనున్న వారి బాల్యస్నేహితులు తమ ప్రాసెసరును, ఆంప్లిఫయరును ఒక యాదివారము మా యింటికి తెచ్చుట కంగీకరించిరి. మావారు ఇరువదేసి మాటల పట్టికలు ఐదు తయారుచేసి, వెనుక సంగీతము మ్రోగుచుండగా తమ గొంతుతో చదివి రికార్డు చేసిరి. ఒక పట్టికలోని మాట మరియొక దానిలో రాదు. అత్తగారు తమ యలవాటు చోటున కూర్చుండి, వినబడిన మాటనెల్ల తిరిగి చెప్పవలయును. మా పెద్దమ్మాయి వ్రాయును. ఏ యంత్రము మ్రోగుచున్నదో ఆమెకు తెలియకుండ ముందొక దుప్పటి కట్టితిమి. రెండు యంత్రముల ధ్వనియు సమానముగ నుండునట్లు ఫోనులోని కొలతతో సరిచూచితిమి. ఒక్క డెసిబెలు హెచ్చైనను అదియే మేలని చెవి మోసపోవునట.

"ఈ వయసులో నాకు డిక్టేషనా!" అని అత్తగారు నవ్విరి గాని, శ్రద్ధగనే విన్నారు.

మా రిసీవరు ఉన్నదున్నట్లుగ మ్రోగినపుడు ఇరువది మాటలకు తొమ్మిది. ప్రాసెసరును ఏ దిద్దుబాటును చేయక తగిలించినపుడు పది. మావారి ముఖము చిన్నబోయినది. పిదప మేము మధ్య స్పీకరును చూచితిమి. అది షోకేసులో, కొండపల్లి బొమ్మల వెనుక, అద్దపు తలుపు ప్రక్కన లోపలికి నెట్టబడియున్నది! పెట్టెలో తలదూర్చి మాటలాడినట్లు ఆ ధ్వని గొణుగుచుండెను. దుమ్ము పడునని దానిని లోపలికి నెట్టినది మేమే. దానిని వెలికి దీసి బల్ల యంచునకు జరిపి, ముందు కొంచెము పైకెత్తి, చెవులవైపు తిరుగునట్లు నిలిపితిమి. నేలపై రెండు జంపఖానములు పరచి, కిటికీలకు దళసరి దుప్పట్లు వ్రేలాడదీసితిమి. మరల మా రిసీవరునే మ్రోగించితిమి. ఇరువదికి పదునైదు.

అంతట ఆ స్నేహితులు, "మీరు మైకుతో గదిని కొలిచి యెంతకాలమైన"దని యడిగిరి. చాల రిసీవర్లకు ఒక చిన్న మైకు నిత్తురు. కూర్చుండుచోటుల దానినుంచిన, యంత్రము తానే ధ్వనులు చేసి, స్పీకర్ల దూరములు, హెచ్చుతగ్గులు కొలిచి, గది దోషములను కొంత దిద్దుకొనును. మేము 2014లో, అద్దె యింట నున్నపుడు కొలిచితిమి. సొంత యింటికి వచ్చి ఆరేండ్లు. ఇన్నేండ్లును మా రిసీవరు విడిచిపెట్టిన యింటి దోషములనే దిద్దుచున్నది! మరల కొలిచి, మధ్య స్పీకరును మూడు డెసిబెళ్లు హెచ్చించి, చిన్నధ్వనిని పెంచి పెద్దధ్వనిని తగ్గించు రాత్రివేళ యమరికను పెట్టితిమి. ఇరువదికి పదునేడు.

న్యాయముగ, ప్రాసెసరునకు గూడ అదే యవకాశమిచ్చితిమి. దాని మైకుతో గదిని కొలిచి, మధ్య స్పీకరును, రాత్రి యమరికను అట్లే యుంచి వినిపించితిమి. పదునెనిమిది. సబ్ వూఫరు గుబగుబలు తగ్గి, గంభీరధ్వని మరింత నిండుగ, శుభ్రముగ నుండెనని మేము మనఃపూర్వకముగ నొప్పుకొంటిమి. వస్తువు మేలైనదే. కాని మా లోపమునకు ఆ వస్తువు మందు కాదు. తొమ్మిది పదునేడైనది ఇంటిలోని సామానుతో. పదునేడు పదునెనిమిదగుటకు రెండున్నర లక్షలు!

ఎవరికి ప్రాసెసరు తగును?

దీనినిబట్టి ప్రాసెసరే వ్యర్థమని మా యభిప్రాయము కాదు. ఆ స్నేహితుల యింట మేడమీద ఒక గదిని దీనికే కేటాయించిరి. చుట్టును, పైనను పదమూడు స్పీకర్లు, రెండు సబ్ వూఫర్లు. వారికది నిజముగ కావలసినదే. అట్టి గృహములవారు కొనబోవునపుడు విచారింపవలసిన సంగతులను వారిని, పుస్తకములను అడిగి తెలిసికొంటిమి.

మొదటిది, స్పీకర్ల సంఖ్య. ఇప్పుడెన్ని, ఐదేండ్లకెన్ని యని నిజాయితీగ లెక్కింపుడు. పదునొకండింటి వరకు మంచి రిసీవర్లే నడుపగలవు. ఉదాహరణకు 2022లో వచ్చిన డెనన్ సంస్థవారి ఎక్స్3800హెచ్ అను రిసీవరులో తొమ్మిది ఆంప్లిఫయర్లున్నవి. పదునొకండు మార్గములను విడదీయును. నాలుగు సబ్ వూఫర్లకు దారి గలదు. మారంట్స్ వారి ఏవీ 10 అను ప్రాసెసరు పదునైదు మార్గములను, నాలుగు సబ్ వూఫర్లను నడుపును. అమెరికాలో దాని తొలి వెల 7,000 డాలర్లు, ఆంప్లిఫయరు గాక.

రెండవది, ప్రీ-అవుట్ అను రంధ్రములు. ఇవి యన్ని మార్గములకును ఉన్న రిసీవరును కొన్నచో, కావలసినపుడు వేరు ఆంప్లిఫయరును తగిలించి దానినే ప్రాసెసరుగ వాడుకొనవచ్చును. వంటయింటిలోని యిల్లాలికి వడ్డనలో సాయము పంపినట్లు! పలువురకు ఈ నడిమి మార్గమే శ్రేయస్కరము.

మూడవది, గదిని దిద్దు విద్య. ప్రాసెసర్ల మధ్య అసలు భేదమిందే యున్నది. ఆడిసీ, స్వీడను దేశపు డిరాక్, కెనడావారి ఆంథెమ్ యంత్రములలోని ఏ.ఆర్.సి., ఫ్రాన్సువారి ట్రిన్నోవ్ మొదలగునవి పేరుగన్నవి. ట్రిన్నోవువారి మైకునకు నాలుగు చెవులుండి, స్పీకరు ఏ దిక్కున, ఎంత యెత్తున నున్నదో గూడ కనిపెట్టును. ఈ విద్య వెలలో చేరియున్నదో, విడిగ సొమ్ము చెల్లింపవలయునో అడుగుడు. కొన్నింటికి డిరాక్ విడిగ కొనవలయును. పైన చెప్పిన ఆంథెమువారి ఏ.ఆర్.సి.యు, టెలివిజను ధ్వనిమార్గమగు ఏ.ఆర్.సి.యు వేరువేరని మరువకుడు.

నాలుగవది, హెచ్.డి.ఎం.ఐ. 2.1, ఈ.ఏ.ఆర్.సి. గలవో లేవో, ఎన్ని రంధ్రములకు గలవో చూడుడు. పద్ధతి మారినపుడు లోపలి పలకను మార్చి యిత్తురో, యంత్రమునే పారవేయవలయునో విచారింపుడు.

ఐదవది, తీగెలు. ప్రాసెసర్లకు మూడు ముండ్ల ఎక్స్.ఎల్.ఆర్. తీగెలుండును. ఆంప్లిఫయరు దూరముగ నున్నపుడు దారిలో చేరు గుంయిమను చప్పుడును అవి యణచును. ఒక్క బల్లమీదనే రెండును ఉన్నచో, మామూలు తీగెకును దానికిని గల భేదము స్వల్పము.

ఆరవది, మరమ్మతు. చుట్టములు విదేశమునుండి తెత్తుమన్నపుడు వెల తక్కువగ తోచును. కాని ఆ యంత్రము 230 వోల్టులకు తగినదో కాదో, హామీ పత్రము మన దేశమున చెల్లునో చెల్లదో ముందే యడుగుడు. చెడినపుడు దానిని మోసికొని పోవలసిన యూరు ఏదో తెలిసికొనుడు.

ఏడవది, మొత్తము. ప్రాసెసరు వెలకు ఆంప్లిఫయరు వెల, తీగెల వెల, పెట్టుటకు చోటు, వేడి పోవుటకు ఖాళీ, విద్యుత్తు పోయినపుడు కాపాడు సాధనము, ఇవన్నియు కలిపి యొక కాగితముమీద వ్రాయుడు. పిమ్మట కొనుడు. వీలైన మీ గదిలోనే, సమానధ్వనితో, ఒకనాడు వినిచూచి కొనుడు.

మా యింట జరిగినది

ఆ సాయంకాలము స్నేహితులు తమ పెట్టెలను తీసికొని పోయిరి. మావారు చాలసేపు మౌనముగ నుండి, "మందు మన షోకేసు వెనుకనే యున్నదన్నమాట" అనిరి. దుప్పట్లకు బదులు దళసరి తెరలు కుట్టించితిమి. పుస్తకముల బీరువాలను పడకగదినుండి తెచ్చి వట్టిగోడకు చేర్చితిమి. పుస్తకముల వరుసలు ధ్వనిని చెదరగొట్టును. కొండపల్లి బొమ్మలు మధ్య స్పీకరు విడిచిన చోటికి ముందుకు వచ్చినవి. ఖర్చు తెరలకును, కుట్టుకూలికిని మాత్రమే. మిగిలిన చీటి సొమ్ముతో వానలకు ముందే కప్పు బాగుపడినది.

అత్తగారిని చెవి వైద్యునికిని చూపితిమి. ఈ పని మొదటనే చేయవలసినది. మేము చివర చేసితిమి. హెచ్చుస్థాయి ధ్వనులే తగ్గినవని, చెవి మిషను పెట్టుకొనుట మంచిదని ఆయన చెప్పిరి. అత్తగారింకను ఒప్పుకొనలేదు. "ముసలిదాన్నని ఊరంతా చాటాలా?" అనుచున్నారు. బలవంతపెట్టక, అపుడపుడు చెప్పి చూచుచున్నాము. యంత్రములు, తెరలు ఎంత చేసినను చెవికి బదులు చెవి కాజాలవు. ఈ మాటను గూడ దాచక వ్రాయుచున్నాము.

ఐనను మొన్న మాయాబజార్ పెట్టినపుడు ఆమె యరుగుమీదికి పోలేదు. ఒకే మార్గపు పాతధ్వని యది. ఎంతటి ప్రాసెసరైనను అందులేని దానిని పుట్టింపలేదు. ఆ ధ్వని యంతయు మధ్య స్పీకరునుండియే వచ్చుచుండెను. నడుమ రెండు మారులు మాత్రము "ఏమన్నాడే?" అని మనుమరాలి నడిగిరి. చివరి వరకు కూర్చుండిరి.

సోదరీమణులారా! యంత్రముల బేరములు పురుషులవని మనము దూరముగ నుందుము. కాని సొమ్ము మన చీటిది, గది మనము సర్దినది, వినలేక లేచిపోవు పెద్దలు మన కనులయెదుటనే యుందురు. కావున మీ యింట నిట్టి ప్రశ్న పుట్టినపుడు కాదని గాని, ఔనని గాని తొందరపడక, "లోప మెచ్చట?" అని యొక్క మాట యడుగుడు. గది నడుమ నిలిచి చేతులు చరచి వినుడు. మధ్య స్పీకరు ముందు బొమ్మలున్నవేమో చూడుడు. మైకుతో మరల కొలువుడు. అటుపిమ్మటను ప్రాసెసరే కావలసివచ్చెనా, అపుడు నిశ్చింతగ కొనవచ్చును.